దేగ్ బండి

ఎటు చూడాలిరా దేవుడా, ఎటు చూసినా ఆ మొహమే. ముందు కృష్ణయ్య ట్రాక్టరు, దాని వెనక తాడు, తాడు చివర ఈ కారు, కారులో కాళ్ళు బార్లా చాపుకుని స్టీరింగు పట్టుకున్న సామ్యూల్. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చునేవాడు ఎవడైనా ముందుకు చూస్తూ కూర్చుంటాడు. కమాలుద్దీన్ చాచా మాత్రం వెనక్కి తిరిగి కూర్చున్నాడు, తన కారు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. కారు మీద అంటే సామ్యూల్ మీదే కదా, ఇద్దరి మధ్యా రెండు బారల దూరం కూడా లేదు. గుంత వస్తే చెయ్యెత్తి చూపిస్తాడు, ఆటో అడ్డమొస్తే నెమ్మది అన్నట్టు అరచెయ్యి ఊపుతాడు, ఏమీ లేనప్పుడు ఊరికే నవ్వుతాడు. ఆ నవ్వే వద్దు. తిట్టినా బాగుండు, దింపి నాలుగు తగిలించినా బాగుండు, ఈ నవ్వు భరించడం సామ్యూల్ వల్ల కావడం లేదు. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో లారీవాడు కారును దింపేసి పోయాడు, పగటిపూట పెద్ద బండ్లను లోపలికి రానివ్వరని. అక్కణ్ణుంచి గౌలిపుర దాకా ఇట్లా తాడు కట్టి లాక్కుపోవడమే, ఈ జనంలో గంట పడుతుంది. ఈ గంటలో, గౌలిపుర గల్లీ మలుపు తిరిగేలోపల, నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే చాచాకు ఏమవుతుందో సామ్యూల్‌కు తెలుసు. తెలిసి కూడా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

కారంటే మామూలు కారు కాదు, ఆవిరి కారు. పెట్రోలు లేదు, గేర్లు లేవు. వెనక గుండ్రటి రాగి బాయిలరు, దాని కింద కిరసనాయిలు మంట, నీళ్ళు మరిగితే ఆవిరి, ఆ ఆవిరి పోయి ఇంజన్ను తిప్పుతుంది. చాచా వాళ్ళది తాతల నాటి నుంచి దేగ్‌లు చేసే ఖాందాన్, పెళ్ళిళ్ళలో బిర్యానీ వండుతారే, మనిషి దిగి కూర్చున్నా పట్టేంత రాగి పాత్రలు, అవి. పాతబస్తీలో ఏ దావత్‌కు పోయినా ఆయన సుత్తి దెబ్బ పడ్డ దేగ్ ఒకటైనా పొయ్యి మీద ఉంటుంది. దేగ్‌ల గిరాకీ తగ్గాక ఇడ్లీ హోటళ్ళకు ఆవిరి బాయిలర్లు చేసిపెట్టడం మొదలుపెట్టాడు. ఆ పనిలో ఉండగానే ఎక్కడ విన్నాడో ఏమో, నూట ఇరవై ఏళ్ళ కింద అమెరికాలో సముద్రపు ఒడ్డున ఒక ఆవిరి కారు గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి ఉరికిందని, ఆ తర్వాత వందేళ్ళ దాకా ఏ ఆవిరి కారూ దాన్ని దాటలేకపోయిందని. అంతే, పురుగు తొలిచింది. "వాళ్ళది గూడ గుండ్రటి దేగే గదా సామ్యూల్, సుట్టూత ఇనుప తీగె సుట్టిండ్రు, గంతే" అన్నాడు, అదేదో పక్కింటి ముచ్చటన్నట్టు. రెండు వందలు మన తరం కాదు గానీ నూట యాభై దాటితే ఈ దేశంలో ఆవిరి కారుకు అదే మొదటి రికార్డు అవుతుందని రికార్డుల సంఘం వాళ్ళు చెప్పారు. బస్తీలో ఒకటే ఎకసెక్కాలు. ఏం చాచా, దమ్ అయిందా, ప్లేట్లు తెచ్చుకోమంటవా అని. దీని పేరు దేగ్ బండి అని ఖాయం చేసేశారు. చాచా కూడా నవ్వేవాడు. రెండేళ్ళు, సుత్తి చప్పుడు ఆగలేదు.

నడిపేదెవరు అన్నప్పుడు ముందు లేచింది ఫరీహా. చాచా కూతురి కూతురు, ఇంజనీరింగు చదివింది, ఈ కారు లెక్కలన్నీ కట్టింది ఆ పిల్లే. సన్నగా ఉంటుంది, సీటు కూడా తన కొలతకే పెట్టుకుందేమో పాపం. అప్పుడు అడ్డం పడిందెవరు? ఇదిగో, ఈ మహానుభావుడే. "ఆడపిల్లకెందుకు చాచా గీ రిస్కు? ఏమన్న అయితె చాచీకి ఏం మొఖం సూపిస్తవ్? నేను లేనా? ఇరవై రెండేండ్ల సంది బస్సు తోల్తున్న, ఒక్కని కాలు తొక్కలే" అని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాడు. చాచా మురిసిపోయాడు. ఫరీహా పానా తెచ్చి, బోల్టులు విప్పి, సీటు సామ్యూల్ కాళ్ళకు సరిపోయేట్టు తనే వెనక్కి జరిపింది. ఆ పానా తిప్పిన తీరు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు మండుతున్నాయి. ఎందుకన్నాడు ఆ మాట? ఆ పిల్ల మీద ప్రేమ పొంగిపొర్లిందా? ఏం కాదు. పురానాపూల్ నుంచి చాంద్రాయణగుట్ట, చాంద్రాయణగుట్ట నుంచి పురానాపూల్, రోజూ అదే బస్సు, అదే రోడ్డు, ముందర తోపుడు బండి, వెనక హారన్ల మోత, రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండో గేరు. నలభై దాటి తోలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వాడు సామ్యూల్‌రా అనిపించుకోవాలని. అదీ అసలు సంగతి. చర్చిలో పాస్టరుగారు ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, భార్య సుగుణ పక్కింటివాళ్ళందరికీ చెప్పుకుంది, డిపోలో టీ తాగిన ప్రతివాడూ వీపు చరిచాడు. అన్నీ పుచ్చుకున్నాడు. ఒక్కటీ వద్దనలేదు.

పొద్దున ఆ పాత రన్‌వే, ఎప్పుడో విమానాలు దిగడం మానేసిన చోటు, మంచు ఇంకా విడవలేదు. ఎవరైనా నమ్ముతారా, ఆవిరి కారు చప్పుడు చెయ్యదు. బస్సు డ్రైవరుకు వేగం కళ్ళలో ఉండదు, చెవిలో ఉంటుంది, కాళ్ళ కింద రేకు అదురులో ఉంటుంది. రొద పెరిగితే వేగం పెరిగినట్టు, రొద మారితే గేరు మార్చాలన్నట్టు. ఇక్కడ వాల్వు తిప్పితే చాలు, ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించి తోస్తున్నట్టు పోతూనే ఉంది, రొద లేదు, అదురు లేదు, చప్పుడల్లా హెల్మెట్టు లోపల తన ఊపిరిదే. నూరు దాటింది. నూట ఇరవై. నూట ముప్పై. సిమెంటు పగుళ్ళలో మొలిచిన గడ్డి పచ్చటి గీతలైపోయింది. అప్పుడు వీపు వెనక రాగి టిక్కుమంది. వేడికి రాగి అట్లాగే అంటుంది, వందసార్లు విన్నాడు, దేగ్ ముచ్చట పెడుతున్నది అని చాచా నవ్వుతూ చెప్పాడు కూడా. మళ్ళీ టిక్కుమంది. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. సుగుణ గుర్తొచ్చిందనో బిడ్డలు గుర్తొచ్చారనో చెప్పుకుంటే ఎంత బాగుండు, ఎవ్వరూ గుర్తు రాలేదు. తన ప్రాణమొక్కటే గుర్తొచ్చింది. చెయ్యి దానంతట అదే పోయి ఆవిరి వాల్వు కట్టేసింది.

సరే, భయపడ్డాడు. మనిషన్నాక భయపడడా? అక్కడితో ఆగి ఉంటే, అరే భయమయిందిరా నాయనా అని నవ్వేసి ఉంటే, పొట్ట పట్టుకుని అందరూ నవ్వేవాళ్ళు, సాయంత్రానికి మరిచిపోయేవాళ్ళు. కారు దొర్లి దొర్లి రన్‌వే చివర ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే అంతంత చిన్న మనుషులు ఉరికొస్తున్నారు, ఇంకా చాలా దూరంలో ఉన్నారు. ప్రెషరు మీటరు చూశాడు. ముల్లు నిండుగా ఉంది, నూట యాభై ఏం ఖర్మ, ఇంకా పో అన్నా పోయేట్టు ఉంది. వచ్చినవాళ్ళు ఆ ముల్లు చూస్తారు. మరి ఎందుకాపినవ్ అంటారు. అప్పుడు చేశాడు ఆ పని. కంగారులో కాదు, కాళ్ళూ చేతులూ ఆడక కాదు, బాగా తెలిసి, సీటు పక్కన కిందికున్న ఎర్ర పిడి, బాయిలరులో ఆవిరంతా బయటికి వదిలేసే పిడి, దాన్ని చేతులారా తిప్పాడు. బుస్సుమంటూ తెల్లటి ఆవిరి లేచి కారంతా కప్పేసింది. దూరం నుంచి అయ్యయ్యో అన్న కేకలు వినబడ్డాయి. ముల్లు సున్నాకు పడేదాకా ఆగి, పిడి మళ్ళీ బిగించి, దిగి నిలబడ్డాడు. "ఒక్కసారిగ ప్రెషర్ పడిపోయింది చాచా" అన్నాడు. ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! ఇప్పుడు నిజం ఒక్క ముక్క రమ్మంటే రానంటోంది.

అందరికంటే ముందు ఉరికొచ్చింది చాచానే. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఒక కాలికి చెప్పు లేదు, ఎక్కడ ఊడిందో కూడా తెలియనట్టుంది. కారు వంక చూడనైనా చూడలేదు. సామ్యూల్ చెంపలు, మెడ, చేతులు తడిమి తడిమి చూస్తూ "కాలిందా బేటా? ఏడన్న కాలిందా? బోల్, బోల్" అన్నాడు. ఆ వేళ్ళు ఇంకా మొహం మీదనే ఉన్నట్టుంది, ఎంత తుడుచుకున్నా పోవడం లేదు. రికార్డుల సంఘం నుంచి వచ్చిన ఇద్దరూ బాయిలరు ఫెయిలైందనుకుని, పాపం అనుకుంటూ తమ దారిన తాము పోయారు. ఆ తర్వాత చాచా నీళ్ళు కూడా తాగకుండా చాలాసేపు కారు పక్కన గొంతుక్కూర్చుని, చివరికి అన్నాడు, ఇంటికి పోంగనె రివాజ్ చేసేస్త అని. ఫరీహా తాతకు ఎంతో చెప్పి చూసింది, నీళ్ళు పట్టి ఒత్తిడి పెట్టి చూద్దాం నానా, ఎక్కడ పోయిందో తెలుస్తుంది అని. "మనిషి మీదికొచ్చిన దేగ్‌కు మళ్ళ పరీక్షేంది? నా చేతి పని మీద నాకు ఎతబారొస్తలేదు, నమ్మకం పోయింది, ఇగ జిద్దు చెయ్యకు" అన్నాడు చాచా.

రివాజ్ అంటే సామ్యూల్‌కు తెలుసు, గౌలిపురలో పుట్టినవాడికెవడికైనా తెలుసు. ఆ ఖాందాన్‌లో ఎవరు చేసిన దేగ్ అయినా పొయ్యి మీద పగిలి మనిషికి చేటు తెస్తే, దాన్ని బాగుచేసి మళ్ళీ అమ్మరు. గల్లీలోకి తెస్తారు. చేసినవాడు, చేటు జరిగినవాడి ముందు చేతులు జోడించి, అందరూ వినేట్టు క్షమాపణ అడుగుతాడు. తన సుత్తి అతని చేతికిస్తాడు. మొదటి దెబ్బ అతనిది. తర్వాత చేసినవాడే దాన్ని ముక్కలు ముక్కలు కోస్తాడు, కోసిన తర్వాత ఆ సుత్తి ఇంక ముట్టడు, బతికినన్నాళ్ళూ. చాచా తండ్రికి అట్లా జరిగిందట. పెళ్ళిలో దేగ్ అడుగు ఊడి ఒక వంటమనిషి కాళ్ళు కాలాయి. ఆ పెద్దాయన ఆ తర్వాత పదేళ్ళు బతికి కూడా రాగి ముట్టుకోలేదు, గడప మీద కూర్చుని కొడుకు సుత్తి చప్పుడు వింటూ పోయాడు. ఇప్పుడు చేటు జరిగిన మనిషి ఎవరు? సామ్యూల్. మొదటి దెబ్బ ఎవరిది? సామ్యూల్‌ది. ఎంత చక్కగా కుదిరిందిరా, దొంగ చేతికే సుత్తి.

ఫలక్‌నుమా రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా తాడు తెగింది. ముందు ట్రాక్టరు పోతూనే ఉంది, చాచా మొహం దూరం దూరం జరిగిపోతోంది, చేతులు రెండూ పైకెత్తి రోకో రోకో అని అరుస్తున్నాడు, కారు వెనక్కి జారుతోంది, వెనక బస్సు. ఇందులో సామ్యూల్ తప్పేమీ చెయ్యలేదు, ఇదైతే అతనికి వచ్చిన విద్య. మెడ తిప్పి చూసి, బ్రేకు అదిమి, స్టీరింగు సగం తిప్పి కారును ఫుట్‌పాత్ రాయికి ఒరిగించి నిలబెట్టేశాడు, బస్సుకు జానెడు దూరంలో. జనం ఈలలు వేశారు. క్యా డ్రైవర్ హై భాయ్ అన్నాడు పండ్ల బండివాడెవడో. బస్సులోంచి తల బయటపెట్టినవాడు రామ్‌చందర్, తన డిపోవాడే. "ఏందే సామ్యూలన్నా, రికార్డు కొట్టినవా?" అని అరిచాడు. సామ్యూల్ నోరు తెరిచేలోపల చాచా ట్రాక్టరు దిగి కుంటుకుంటూ వస్తూ తనే జవాబిచ్చేశాడు. "డ్రైవర్ పాస్ భాయ్, దేగ్ ఫెయిల్. గీయనకేం తక్కువ లేదు, షేర్ లెక్క, పులి లెక్క తోలిండు." తల కొట్టేసినట్టయింది సామ్యూల్‌కు. నేల చీలి లోపలికి పోతే బాగుండు, పోవడానికి కూడా లేదు, నేల కాదది, బ్రిడ్జి.

చాచా కారు ముందర కూర్చుని తెగిన తాడు రెండు కొసలూ కలిపి ముడి వేస్తున్నాడు. ఒకసారి వేశాడు, జారింది. రెండోసారీ జారింది. సామ్యూల్ సీట్లోంచి మెడ చాపి చూశాడు. కుడిచెయ్యి వణుకుతోంది, కాస్తంత కాదు, వేళ్ళన్నీ. చాచా తలెత్తకుండానే నెమ్మదిగా అన్నాడు, "సూసినవా? ఆర్నెల్ల సంది గిట్లనే. ఎవ్వలకు చెప్పలే, నీ చాచీకి గూడ. బాయిలర్ మూతి జోడించెటప్పుడు గీ చెయ్యి వణికింది, నాకెరుకే. మంచిగనె అతికిందని దిల్‌కు చెప్పుకున్న. జూట్. గీ చెయ్యి నిన్ను మింగుతుండె బేటా." ఇదీ ఆ క్షణం. ఇంతకంటే మంచి సమయం దేవుడు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? వినేంత దగ్గరలో ఎవరూ లేరు, మొహం ఇంత దగ్గరగా ఉంది, కాదు చాచా అని రెండు మాటలు అంటే అయిపోతుంది. "చాచా" అన్నాడు కూడా సామ్యూల్. ఆయన తలెత్తాడు. ఆ కళ్ళలో ఎరుపు. వెనక రామ్‌చందర్ హారన్ కొట్టాడు, దాని వెనక ఇంకో నాలుగు హారన్లు, కృష్ణయ్య ట్రాక్టరు మీద నుంచి ఎంతసేపే అని కేక వేశాడు. "తాడు ఇటియ్యి చాచా, నేను కడ్త" అన్నాడు సామ్యూల్. తాడు కట్టాడు. ముడి గట్టిగా పడింది. ఛీ.

ఇంజన్‌బౌలి దాటుతుండగా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఆలోచన, చల్లగా, పిల్లిలా వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి నిజంగానే వణుకుతోంది కదా, ఎట్లాగూ ఇవాళ కాకపోతే రేపు సుత్తి దించాల్సిందే కదా, నేను చెప్పినా చెప్పకపోయినా జరిగేది అదే కదా, మరి ఊరికే బయటపడి నా పరువు తీసుకోవడం దేనికి. ఒక నిమిషం, ఒక నిమిషమంతా, ఆ ఆలోచన హాయిగా అనిపించింది. ఊపిరి తేలికైంది. అప్పుడు చూశాడు, ఎదుట చాచా ఫోను చెవికి ఆనించుకుని, మడ్‌గార్డు మీద ఎగిరెగిరి పడుతూ, ఇంట్లో వజీరున్నీసా చాచీతో గట్టిగా మాట్లాడుతున్నాడు. ట్రాక్టరు మోతలో ఆ పేరు తప్ప మాటలు వినబడడం లేదు గానీ కుడిచెయ్యి పైకెత్తి తనే చూసుకుంటూ తల అడ్డంగా ఊపుతున్నాడు. చెబుతున్నాడు ఆమెకు. ఆర్నెల్లు దాచినదాన్ని రోడ్డు మీద, ఫోనులో చెబుతున్నాడు. ఆయన నిజం చెబుతున్నాడురా, ఒక అబద్ధం వల్ల. నీ అబద్ధం వల్ల. ఇందాకటి హాయి ఎంత రోతగా అనిపించిందంటే, బయటికి తొంగి నిజంగానే ఉమ్మేశాడు. ఇంతకంటే దిగజారడానికి ఏముంది సామ్యూల్, ఉన్నదేమో, నువ్వు ఉన్నావు కాబట్టి ఉండే ఉంటుంది.

ఉంది. అలియాబాద్ దాటాక ఫరీహా స్కూటీ మీద పక్కకు వచ్చింది. అప్పటిదాకా ముందు పోతూ ఆటోలను జరుపుతోంది ఆ పిల్ల. ఇప్పుడు కారుతో సమానంగా నడుపుతూ, వంగి అడిగింది, "అంకుల్, ఒకటి అడగనా? ప్రెషర్ మెల్లగ దిగిందా, ఒక్కసారె పడ్డదా?" "ఒక్కసారె" అన్నాడు సామ్యూల్. "అంటే మీటర్ సూస్తనే ఉన్నరా?" "సూస్తనే ఉన్న." "మరి అతుకు పోతే నీళ్ళు కారాలె గద, కింద రన్‌వే పొడిగ ఉండె. మొత్తం ఆవిరే వచ్చింది" అంది, తనలో తను లెక్క కట్టుకుంటున్నట్టు. అనుమానం కాదది, అనుమానమైతే ఎంత బాగుండు, ఆ కళ్ళలో మచ్చుకైనా అనుమానం లేదు. తప్పు తన లెక్కలో ఉందేమోనని వెతుక్కుంటోంది. "నేనే రేకు మందం తక్కువ పెట్టిననేమో" అని పెదవి కొరుక్కుని ముందుకు వెళ్ళిపోయింది. అయిందా? ముసలాయన తన చెయ్యి అనుకుంటున్నాడు, చిన్నది తన లెక్క అనుకుంటోంది. ఒక్క ఎర్ర పిడి తిప్పి ఇద్దరినీ ముంచాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కని కాలు తొక్కలేదట, చెప్పుకున్నాడు పెద్ద. ఇప్పుడు తొక్కుతున్నది ఏమిటి మరి. చెబుతాను, లాల్‌దర్వాజా మలుపులో ట్రాక్టరు ఆగుతుంది, అక్కడ దిగి చెబుతాను. చాచా ఒక మాట, అని మొదలుపెడితే చాలు, తర్వాత అదే వస్తుంది. చాచా ఒక మాట. చాచా ఒక మాట. పెదవులతో అనుకుంటూనే ఉన్నాడు. మలుపులో ట్రాక్టరు ఆగలేదు. ఎప్పుడూ ఆగే మలుపు, ఇవాళ ఎవరో జరిగి మరీ దారిచ్చారు.

గల్లీలోకి తిరగ్గానే జనం. గెలిచొస్తారని తెచ్చిన బంతిపూల దండలు ఏం చెయ్యాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఒకరిద్దరు తేరుకుని, పోనీలే పానాలతోని వచ్చిండు అని, కారు దిగిన సామ్యూల్ మెడలోనే వేసేశారు. వద్దు వద్దంటున్నా వేశారు. వజీరున్నీసా చాచీ గుమ్మం దిగి వచ్చింది, చేతి నిండా ఎండుమిర్చి. మొగుడి వైపు చూడలేదు, నేరుగా సామ్యూల్ దగ్గరికి వచ్చి తల చుట్టూ మిర్చి తిప్పుతూ, "నజర్ తగిలింది బేటా, నీకేమన్న అయితె నేను సుగుణకు ఏం చెప్పుదు" అని కళ్ళొత్తుకుంది. సుగుణ వెనకాల నిలబడి ఆమె భుజం పట్టుకుంది. ఈలోగా చాచా కారు వెనక రేకు విప్పించేశాడు. తీగ చుట్టిన రాగి ఎండలో బయటపడింది. ఎన్ని వేల దెబ్బలు కొడితే వచ్చిన నునుపు అది, సామ్యూల్ పక్కన కూర్చుని ఎన్ని సాయంత్రాలు చూశాడు. ముక్కలు కోయడానికి తెచ్చిన రేకు కత్తెర గోడకు ఆనించి ఉంది.

చాచా సామ్యూల్‌కు ఎదురుగా నిలబడ్డాడు. చేతులు జోడించాడు, వణుకుతున్న చెయ్యిని రెండోది పట్టుకున్నట్టుగా. గొంతు మాత్రం వణకలేదు, గల్లీ ఆ చివరికి వినబడింది. "అందరు ఇనుండ్రి. నా చేతి దేగ్ గీ మనిషి పానం మీదికి తెచ్చింది. తప్పు నాది, ఇంకెవ్వలది గాదు. సామ్యూల్, నన్ను మాఫ్ చెయ్యి." ఇంత పెద్ద మనిషి, తన తండ్రి వయసు మనిషి, తన ముందు. సుత్తి తెచ్చి సామ్యూల్ చేతిలో పెట్టాడు. పిడి చెమటకు నల్లబడి నున్నగా ఉంది. కొట్టు బేటా అన్నాడు.

సామ్యూల్ ఒక అడుగు వేశాడు. బాయిలరు వైపని అందరూ అనుకున్నారు, అతనూ అట్లాగే అనుకున్నాడు, వేసిన తర్వాత చూస్తే చాచా వైపు. వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు. "చాచా... దేగ్ పలగలే. మంచిగనె ఉన్నది. నేనే భయపడ్డ, నేనే వాల్వు కట్టేసిన. ఆవిరి గూడ నేనే ఇడిచిపెట్టిన, మీరు రాకముందే." చెప్పేశాడు. కళ్ళు మూసుకున్నాడు, చెంప మీద దెబ్బ పడుతుందని. పడితే బాగుండునని.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి చాచా తన కుడిచెయ్యి చూసుకుంటున్నాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. "నా చెయ్యి?" అన్నాడు, బిడ్డ గురించి డాక్టరును అడిగినట్టు. "నీ చెయ్యి ఏం తప్పు చెయ్యలే చాచా." చాచా పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. ఆ కళ్ళలో నీళ్ళు నిండాయి. అప్పుడు సామ్యూల్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పొద్దుటి నుంచి ఉన్న నవ్వు కూడా లేదు. సుత్తి నెమ్మదిగా సామ్యూల్ చేతిలోంచి తీసేసుకున్నాడు.

"గీ ముచ్చట నా చెవుల చెప్తవేంది?" అన్నాడు. "నేను మాఫీ గట్టిగ అడిగిన గదా."

సామ్యూల్ గల్లీ వైపు తిరిగాడు. మిర్చి పిడికిట్లో పట్టుకుని చాచీ, స్కూటీకి ఆనుకుని ఫరీహా, ట్రాక్టరు మీద కృష్ణయ్య, అందరి వెనక సుగుణ. ఏమిటన్నట్టు చూస్తున్నారు. మెడలో దండ బరువుగా ఉంది, తీసి కారు మీద పెట్టాడు. "ఫెయిలైంది దేగ్ గాదు, నేను" అన్నాడు. ముందున్నవాళ్ళు విన్నారు. వెనకున్నవాళ్ళకు వినబడలేదు. ఏమంటున్నడు, ఏమంటున్నడు అని ఒకరినొకరు అడుగుతున్నారు. సామ్యూల్ గొంతు పెంచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.